కీమోథెరపీ వేళ బూజు జబ్బులు: మన ఇళ్ళలో తెలిసి ఉండవలసిన సంగతులు

మన పెద్దలు మలయా తోటల్లో పనిచేసిన రోజుల్లో తామర అంటే ఎరుగనివారు లేరు. తెల్లవారకముందే తడిగడ్డిలో నడిచి రబ్బరు చెట్లు గీయడానికి పోయేవారికి కాలివేళ్ళ మధ్య ఒరిసి, దురదపెట్టి, పుండ్లు పడేవి. ఎస్టేటు డ్రెస్సరు ఏదో పూతమందు రాసేవాడు. మరునాడు మళ్ళీ పని. ఆ తామర, ఆ కాలి పుండు, తలలోని చుండ్రు, ఇవన్నీ ఒక జాతి ప్రాణుల పనే. మనం వాడుకగా బూజు అంటాము. శాస్త్రజ్ఞులు శిలీంధ్రాలంటారు. పాత రొట్టెమీద పచ్చగా పట్టేదీ, తడి తగిలిన ఊరగాయమీద తెల్లగా తేలేదీ, వానల తరువాత లేచే పుట్టగొడుగూ అన్నీ ఈ కుటుంబానివే.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి బూజు చర్మం దాటి లోపలికి పోవడం చాలా అరుదు. అందుకే మన ఇళ్ళలో బూజు జబ్బును చిన్న చూపు చూస్తారు. అయితే క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్న మనిషి విషయం వేరు. అదే బూజు ఊపిరితిత్తుల్లోకి, రక్తంలోకి, కాలేయంలోకి దిగి, రోజుల వ్యవధిలో ప్రాణం తీయగలదు. క్యాన్సర్ తగ్గుముఖం పట్టినా ఈ జబ్బువల్ల మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. కనుక దీని గుర్తులేమిటి, డాక్టర్లు ఎలా కనిపెడతారు, ఏ మందు ఇస్తారు, ఇంట్లో మనం చేయవలసిందేమిటి అన్న నాలుగు విషయాలు మన పాఠకులకు విడమరచి చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము. ఇది డాక్టరు మాటకు బదులు కాదు. డాక్టరు మాట అర్థం చేసుకోవడానికి సాయం మాత్రమే.

ఒక తెలుగువాడి పేరు

ఈ కథలో మొదట తలచుకోవలసిన పేరు మనవాడిదే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో చదివి అమెరికా వెళ్ళారు. హార్వర్డులో పరిశోధన చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లానికి ఎదురుమందులు తయారయ్యాయి. ఆ ఎదురుమందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ సింగపూరుతో సహా లోకమంతటా వాడుతున్నారు. సుబ్బారావుగారు ఆ 1948లోనే కన్నుమూశారు.

ఆయన గౌరవార్థం 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు కొత్తగా కనుగొన్న ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. కీమోథెరపీకి బాట వేసినవారిలో ఒకరైన మన తెలుగువాడి పేరు ఒక బూజుకు ఉన్నది. ఇది మనుషులకు జబ్బు తెచ్చే బూజు కాదు. అయినా కీమోథెరపీ, బూజు అన్న రెండు మాటలు మన చరిత్రలోనే ఇలా కలిసి ఉండటం గమనించదగ్గది.

కీమోథెరపీ తలుపు ఎలా తెరుస్తుంది?

క్యాన్సర్ కణం త్వరత్వరగా పెరుగుతుంది. కీమోథెరపీ మందు అలా త్వరగా పెరిగే కణాలను చంపుతుంది. మన ఒంట్లో త్వరగా పెరిగే మంచి కణాలు కూడా ఉన్నాయి: వెంట్రుకల కుదుళ్ళు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముకల మూలుగలో పుట్టే రక్తకణాలు. ఇవి కూడా దెబ్బతింటాయి. జుట్టు ఊడటం అందరికీ కనిపిస్తుంది. రక్తకణాలు పడిపోవడం కంటికి కనిపించదు. అసలు అపాయం అక్కడే ఉన్నది.

తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్ అనేవి కాపలాదారులు. బూజు కణాన్ని పట్టి మింగేవి ప్రధానంగా అవే. ఒక మైక్రోలీటరు రక్తంలో మామూలుగా 1,500కు పైగా ఉండే ఈ కణాలు 500 కంటె తగ్గితే కాపలా లేనట్టే. చాలా కీమోథెరపీ మందులకు 7 నుంచి 14 రోజుల మధ్య ఈ సంఖ్య అట్టడుగుకు చేరి, తరువాత మళ్ళీ లేస్తుంది. రొమ్ము, పెద్దపేగు వంటి గడ్డల క్యాన్సర్లకు ఇచ్చే మందులతో ఈ లోటు కొద్ది రోజులే ఉంటుంది కనుక బూజు భయం తక్కువ. తీవ్రమైన రక్తక్యాన్సర్ చికిత్సలోనూ, మూలుగ మార్పిడిలోనూ ఈ లోటు రెండు మూడు వారాలు, అంతకంటె ఎక్కువ కూడా ఉండవచ్చు. లోటు వారం పది రోజులు దాటిన కొద్దీ బూజుకు సందు పెరుగుతుంది.

దీనికి తోడయ్యేవి మరి మూడు. ఒకటి, నోరూ పేగులూ పూసి పుండ్లు పడటం. అక్కడ మామూలుగా ఉండే బూజు ఆ పుండ్లగుండా రక్తంలోకి జారుతుంది. రెండు, మందు ఎక్కించడానికి ఛాతీ దగ్గరో చేతికో పెట్టిన గొట్టం. మూడు, స్టెరాయిడ్ మందులు; ఇవి రక్షణను తగ్గించడమే కాక రక్తంలో చక్కెరను పెంచుతాయి. మన కుటుంబాల్లో చక్కెర వ్యాధి ఎంత ఎక్కువో వేరే చెప్పనక్కరలేదు.

ముఖ్యమైన శత్రువులు

మొదటిది క్యాండిడా. ఇది బయటినుంచి రానక్కరలేదు. మన నోట్లో, పేగుల్లో ఎప్పుడూ ఉన్నదే. అదుపు తప్పితే నాలుకమీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లాంటి తెల్లని మచ్చలు వేస్తుంది. గొంతులోకి దిగితే మింగడం నొప్పి. రక్తంలోకి పోతే ప్రాణాపాయం. ఉష్ణదేశాల ఆస్పత్రుల్లో క్యాండిడా ట్రోపికాలిస్ అనే రకం ఎక్కువగా కనిపిస్తుంది. రక్తక్యాన్సర్ రోగుల్లో ఇది మరీ మొండిది. 2009లో జపాన్‌లో మొదట వర్ణించిన క్యాండిడా ఆరిస్ అనేది చాలా మందులకు లొంగక, ఆస్పత్రుల్లో ఒకరినుంచి ఒకరికి పాకుతుంది.

రెండవది ఆస్పర్జిల్లస్. మట్టిలో, దుమ్ములో, కుళ్ళిన ఆకుల్లో బతుకుతుంది. దీని విత్తులు ఎంత సన్నవంటే, మనమందరం రోజూ వందల సంఖ్యలో వాటిని పీలుస్తూనే ఉన్నాము. కాపలా ఉన్నవాడికి ఏమీ కాదు. లేనివాడికి అవి ఊపిరితిత్తుల్లో మొలకెత్తి రక్తనాళాల్లోకి వేళ్ళు దింపుతాయి. పాత గోడ కూల్చినా, కొత్త పునాది తవ్వినా ఇవి గాలిలో లేస్తాయి. ఏ మూల చూసినా కట్టడం పని సాగే సింగపూరులో ఇది మనకు పట్టని మాట కాదు.

మూడవది మ్యూకర్. 2021లో కోవిడ్ రెండవ విడతలో నల్ల ఫంగస్ పేరుతో మన తెలుగు జిల్లాల్లో కలవరం రేపినది ఇదే. ఆ ఏడాది భారతదేశంలో 40,000 మందికి పైగా దీని పాలబడ్డారు. హైదరాబాదులో కోఠిలోని చెవి, ముక్కు, గొంతు ఆస్పత్రిని దీనికోసమే ప్రత్యేక కేంద్రంగా చేయవలసి వచ్చింది. చక్కెర, స్టెరాయిడ్ రెండూ కలిసినచోట ఇది చెలరేగుతుంది. ముఖంలో ఒక పక్క నొప్పి, కంటి వాపు, ఒకటి రెండుగా కనిపించడం, ముక్కునుంచి నల్లని స్రావం దీని గుర్తులు. వీటికి గంటల లెక్కన పరుగెత్తాలి.

నాలుగవది న్యూమోసిస్టిస్. ఇది ఎడతెగని పొడిదగ్గు, ఆయాసం తెస్తుంది. దీనికి కో-ట్రైమాక్సజోల్ అనే పాత, చవక మాత్ర ముందుగానే ఇచ్చి ఆపవచ్చు. డాక్టరు ఈ మాత్ర రాసి ఇస్తే, ఇదెందుకని మానకూడదు.

ఎలా కనిపెడతారు?

కాపలా కణాలు లేని మనిషిలో చీము పట్టదు, వాపు సరిగా రాదు, దగ్గు కూడా తక్కువే. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. ఒక్కసారి 38.3 డిగ్రీలు చూపినా, 38 డిగ్రీలు గంటసేపు నిలిచినా దాన్ని అత్యవసరంగా ఎంచాలి. ఆస్పత్రిలో మొదట రక్తం తీసి పరీక్షకు పంపి, బాక్టీరియాకు మందు వెంటనే మొదలుపెడతారు. మొదటి రోజుల్లో వచ్చే జ్వరానికి బాక్టీరియాయే కారణం కావడం ఎక్కువ. ఆ మందు నాలుగు నుంచి ఏడు రోజులు ఇచ్చినా జ్వరం దిగకపోతే, కణాలు ఇంకా లేవకపోతే, బూజును అనుమానిస్తారు.

అప్పుడు చేసే పరీక్షలు ఇవి. ఛాతీ సీటీ స్కాన్ ముఖ్యం. మామూలు ఎక్స్‌రే మొదట్లో బాగానే ఉన్నట్టు కనిపించి మోసగిస్తుంది. సీటీలో ఒక ముద్ద, దాని చుట్టూ చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు మసక వలయం కనిపిస్తే ఆస్పర్జిల్లస్ వంటి బూజును శంకిస్తారు. రెండవది గెలాక్టోమానాన్ పరీక్ష: ఆస్పర్జిల్లస్ గోడలోని చక్కెర పదార్థం రక్తంలోకి కారిందేమో చూస్తారు. మూడవది బీటా గ్లూకాన్ పరీక్ష: ఇది చాలా బూజులను పసిగడుతుంది కాని మ్యూకర్‌ను పట్టదు. కనుక ఆ పరీక్షలో లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. నాలుగవది, సన్నని గొట్టాన్ని ఊపిరితిత్తుల్లోకి దింపి, కొంత నీరు పోసి తిరిగి తీసి పరీక్షించడం. వీలైతే చిన్న ముక్క కోసి సూక్ష్మదర్శినిలో చూడటం అన్నిటికంటె గట్టి రుజువు.

రక్తం కల్చర్ పరీక్షలో బూజు మొలవకపోతే లేనట్టేనా అని మనవాళ్ళు అడుగుతారు. కాదు. లోపల పాకిన క్యాండిడాను ఆ పరీక్ష సుమారు సగం మందిలోనే పట్టగలదు. అందుకే డాక్టరు నూటికి నూరుపాళ్ళు రుజువయ్యేదాకా ఆగరు. అనుమానం బలంగా ఉంటే మందు మొదలుపెడతారు. ఏ జబ్బో తేలకుండానే ఇంత ఖరీదు మందెందుకు ఎక్కిస్తున్నారన్న అసంతృప్తి మన ఇళ్ళలో వినిపిస్తుంది. ఆలస్యానికి ఇక్కడ వెల ప్రాణం. ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

మందులు: నాటివీ నేటివీ

బూజుకు మందు తయారుచేయడం కష్టం. బాక్టీరియా కణం మన కణానికి చాలా భిన్నం; బూజు కణం మాత్రం మన కణానికి చుట్టమే. దాన్ని చంపే మందు మనకూ కొంత హాని చేస్తుంది. 1950లో న్యూయార్కు రాష్ట్ర ప్రభుత్వ ప్రయోగశాలల్లో పనిచేస్తున్న ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు స్త్రీలు మట్టిలోని సూక్ష్మజీవినుంచి నిస్టాటిన్ కనుగొన్నారు. ఆ రాష్ట్రం పేరే మందుకు పెట్టారు. దానిమీద వచ్చిన 1 కోటి 30 లక్షల డాలర్లను తాము తీసుకోక పరిశోధనలకు వదిలారు. నోటిపూతకు నిస్టాటిన్ ద్రావకాన్ని నేటికీ వాడతారు.

ఆ దశాబ్దంలోనే వెనెజులాలోని ఒరినోకో నది ఒడ్డు మట్టినుంచి యాంఫోటెరిసిన్ దొరికింది. దాదాపు అన్ని బూజులమీదా పనిచేసే మందు ఇది. అయితే ఎక్కిస్తుంటే చలి, వణుకు; మూత్రపిండాలకు దెబ్బ; ఒంట్లో పొటాషియం తరుగుదల. తరువాత దీన్ని సన్నని కొవ్వు బుడగల్లో పొదిగి ఇవ్వడం నేర్చారు. హాని చాలా తగ్గింది. మ్యూకర్‌కు నేటికీ ఇదే మొదటి ఆయుధం. దానితోపాటు చచ్చిన కండను శస్త్రచికిత్సతో తీసివేయాలి, చక్కెరను అదుపు చేయాలి.

ఆస్పర్జిల్లస్‌కు వోరికొనజోల్ వచ్చాక రోజులు మారాయి. 2002లో ప్రకటించిన పరీక్షలో, పన్నెండు వారాల తరువాత వోరికొనజోల్ తీసుకున్నవారిలో 71 శాతం, పాత యాంఫోటెరిసిన్‌తో మొదలుపెట్టినవారిలో 58 శాతం బతికి ఉన్నారు. ఈ మందు తక్కువలో తక్కువ ఆరు నుంచి పన్నెండు వారాలు వాడాలి. చూపు తాత్కాలికంగా మసకబారవచ్చు. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. ఒకే మోతాదు ఒకరికి చాలక, మరొకరికి ఎక్కువ కావచ్చు; అందుకే రక్తంలో మందు పాళ్ళు కొలుస్తారు. ఇప్పుడు ఐసావుకొనజోల్ అనే తమ్ముడు కూడా వచ్చింది. తీవ్రమైన రక్తక్యాన్సర్ రోగులకు జబ్బు రాకముందే పోసాకొనజోల్ ఇచ్చి కాపాడటం కూడా ఉన్నది.

రక్తంలో చేరిన క్యాండిడాకు మొదట కాస్పోఫంగిన్, మైకాఫంగిన్ వంటివి నరానికి ఎక్కిస్తారు. వీలైనప్పుడు ఛాతీ గొట్టాన్ని తీసివేస్తారు, కళ్ళు పరీక్షిస్తారు. రక్తం శుభ్రమయ్యాక మరి రెండు వారాలు మందు సాగాలి. జ్వరం దిగింది కదా అని మధ్యలో ఆపమని అడగరాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫ్లూకొనజోల్ అనే గుళిక చాలా ఇళ్ళ మందుల డబ్బాల్లో ఉంటుంది. అది ఆస్పర్జిల్లస్‌ను గాని మ్యూకర్‌ను గాని ఏమీ చేయదు. సొంతంగా వేసుకుంటే జబ్బు లోపల పెరుగుతుంది, డాక్టరు దారి తప్పుతారు.

మరొకటి. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరునుంచి తీసే విన్‌క్రిస్టిన్ అనే మందును రక్తక్యాన్సర్‌కు వాడతారు. వోరికొనజోల్ వంటి మందులు కాలేయంలో విన్‌క్రిస్టిన్ విరుగుడును అడ్డుకుంటాయి. అప్పుడు కాళ్ళు చేతులు తిమ్మిరెక్కడం, తీవ్రమైన మలబద్ధకం వంటి బాధలు వస్తాయి. డాక్టరు రాసే రెండు మందులే ఇలా పోట్లాడుకుంటుంటే, చెప్పకుండా తాగించే కషాయాలు, లేహ్యాలు, చీనా వేళ్ళు, జాము పొడులు ఏమి చేస్తాయో ఎవరు చెప్పగలరు? బిళ్ళగన్నేరు ఆకు నూరి తాగించడం మరీ ప్రమాదం. అది విషం.

ఇంట్లో చేయవలసినవి

థర్మామీటరు ప్రతి ఇంట ఉండాలి. చేయి వేసి చూస్తే చాలదు. 38 డిగ్రీలు కనబడితే తెల్లవారనిద్దాం అనుకోవద్దు. చికిత్స చేసే ఆస్పత్రి ఇచ్చిన నంబరుకు అప్పుడే ఫోను చేయండి. మనిషి సోలిపోతుంటే, ఊపిరి అందకపోతే 995కు ఫోను చేయండి. డాక్టరుతో మాట్లాడకముందు పారాసిటమాల్ వేసి జ్వరాన్ని కప్పిపుచ్చవద్దు.

కణాలు తక్కువగా ఉన్న రోజుల్లో రోగిచేత పూలకుండీ మట్టి తవ్వించవద్దు, చీపురు పట్టించవద్దు, కట్టడం పని జరిగే వీధిలో నడిపించవద్దు. సెరంగూన్ రోడ్డు మల్లెదండ ఎంత శుభమైనా వార్డులోకి తేవద్దు. పూలనీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. బూజు పట్టిన రొట్టెను ఆ భాగం తీసి పెట్టడం కాదు, పారవేయాలి. అన్నం, పప్పు, కూర బాగా ఉడికించి వేడిగా పెట్టాలి. పళ్ళను మెత్తని బ్రష్షుతో తోమించి, నాలుకను రోజూ వెలుతురులో చూడాలి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి శుభ్రం చేయాలి. చక్కెర లెక్క తప్పకూడదు. అన్నిటికంటె ముఖ్యం, దగ్గరికి వచ్చే ప్రతివారూ చేతులు కడుక్కోవడం.

రోగిని అంటరానివాడిగా చూడటం మాత్రం తప్పు. ఆస్పర్జిల్లస్, మ్యూకర్ ఒకరినుంచి ఒకరికి అంటవు. బూజు అన్న మాట విని, ఇల్లు శుభ్రంగా లేదని చుట్టాలు అనుకుంటారేమోనని కొందరు దాచుకుంటారు. ఇది శుభ్రత లోపం కాదు, రక్తకణాల లోపం. సిగ్గుపడవలసిందేమీ లేదు.

ఖర్చు భయం కూడా చాలామంది నోరు నొక్కుతుంది. ఈ మందులు ఖరీదైనవే. మెడిషీల్డ్ లైఫ్, మెడిసేవ్, మెడిఫండ్ ఉన్నాయి; ఏది ఎవరికి వర్తిస్తుందో ఆస్పత్రిలోని మెడికల్ సోషల్ వర్కరును అడగాలి. డబ్బుకోసం మాత్రను సగం చేసి వేసుకోవడంకంటె ఆ మాట ముందే అడగడం మేలు.

మన భాషలో బాధ, వారి భాషలో జవాబు

చివరిగా మనకు ప్రత్యేకమైన మాట. సింగపూరులో ప్రభుత్వ భాషలు నాలుగు: ఇంగ్లీషు, మలాయి, చీనా, తమిళం. తెలుగు వాటిలో లేదు. మన అవ్వలు, తాతలు బజారులో మలాయితోనో తమిళంతోనో నెట్టుకొస్తారు. జబ్బులో మాత్రం తల్లిభాషే నోట వస్తుంది. ఒళ్ళు కాగుతోంది, గొంతు దిగడం లేదు, మొగమంతా ఒకపక్క లాగుతోంది అని వారు చెప్పే మాటల్లోనే జబ్బు గుర్తులన్నీ ఉన్నాయి. వాటిని పూర్తిగా డాక్టరుకు చేర్చే బాధ్యత పిల్లలది, మనవలది. బాధపడతారని డాక్టరు మాట తాతకు దాచడం, కోప్పడతారని తాత తాగిన కషాయం డాక్టరుకు దాచడం, రెండూ హానే.

కనుక ప్రతి కుటుంబం ఒక చిన్న పుస్తకం పెట్టుకోవాలని మా మనవి. అందులో కీమోథెరపీ ఇచ్చిన తేదీ, తెల్లకణాల సంఖ్య, రోజూ రెండుపూటలా జ్వరం అంకె, వాడుతున్న ప్రతి మందు పేరు, నాటుమందుతో సహా, రాయాలి. తెలుగు చదవగల పెద్దలు, ఇంగ్లీషు రాయగల పిల్లలు కలిసి రాస్తే మరీ మంచిది. జ్వరం వచ్చిన రాత్రి ఆ పుస్తకం చేతిలో ఉంటే డాక్టరుకు గంటల పని నిమిషాల్లో తేలుతుంది. ఆ గంటలే రోగిని నిలబెట్టవచ్చు.